ఇర్ఫాన్ మనింటికి ఎప్పుడో వచ్చాడు

2004లో ‘మక్బూల్’ సీడీ అద్దెకు తెచ్చుకుని చూసిన రాత్రి మా మిత్రుడొకడు అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది. "ఎవడ్రా వీడు? ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు?" నా దగ్గర జవాబు లేదు. మర్నాడు అదే సీడీ మళ్లీ పెట్టాం. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన మా అక్క రెండు నిమిషాలు నిలబడి చూసి, "వీడు చంద్రకాంతలో బద్రీనాథ్ కదూ" అనేసి లోపలికి వెళ్లిపోయింది.

అవును, బద్రీనాథే. తొంభైల మధ్యలో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో వచ్చే ఆ సీరియల్ కోసం మా వీధిలో స్నానాలు వాయిదా పడేవి. హిందీ సగం అర్థమయ్యేది, సగం ఊహించుకునేవాళ్లం. అందులో విలన్ క్రూర్‌సింగ్ కనుబొమలు, ‘యక్కూ’ అనే వాడి ఊతపదం అందరికీ గుర్తుండిపోయాయి. పక్కనే మారువేషాలు వేస్తూ తిరిగిన సన్నటి కుర్రాడి పేరు మాత్రం ఎవరమూ కనుక్కోలేదు. టైటిల్స్‌లో పేరు పడేది, చదివితే కదా!

2020 ఏప్రిల్ 29న ఇర్ఫాన్ ఖాన్ పోయాక అతని తొలినాళ్ల మీద కథలు ఇంకా పెరిగాయి. కొన్ని అభిమానంతో అల్లినవి, కొన్ని అరకొరగా తెలిసి చెప్పినవి. తరచూ వినబడే కొన్నిటిని ఇక్కడ విప్పి చూద్దాం.

అపోహ: నవాబుల బిడ్డ. డబ్బుకు లోటులేక సరదాకు నటనలోకి వచ్చాడు.

పేరు చూసి పొరబడతారు. పూర్తి పేరు సాహెబ్‌జాదే ఇర్ఫాన్ అలీ ఖాన్. రాజస్థాన్‌లోని టోంక్ ప్రాంతపు పాత కుటుంబాల నుంచి వచ్చిన బిరుదు అది. ఇర్ఫాన్‌కు ఊహ తెలిసేసరికి ఇంట్లో ఆ బిరుదు మిగిలింది గానీ దర్జా ఏమీ మిగల్లేదు. తండ్రి జైపూర్‌లో టైర్ల వ్యాపారం చేసేవాడు. పెద్దకొడుకు దుకాణం చూసుకుంటాడని ఇంట్లో అనుకునేవారు. వేటకు తీసుకెళితే చచ్చిన జంతువు కోసం బాధపడే ఆ పిల్లాడు మాంసం ముట్టేవాడు కాదు. పఠాన్ల ఇంట బ్రాహ్మడు పుట్టాడని తండ్రి ఎగతాళి చేసేవాడట.

‘సాహెబ్‌జాదే’ను తర్వాత అతనే వదిలేశాడు. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ‘ఆర్’ అదనంగా చేర్చుకున్నాడు. దాని వెనక సంఖ్యాశాస్త్రం ఉందని అనుకునేవాళ్లున్నారు. ఆ అక్షరం పలికినప్పుడు వచ్చే చప్పుడు బాగుంటుందని చేర్చానన్నాడు అతను. మనకా గొడవ లేదు. తెలుగులో ఎన్ని ‘ఆర్’లున్నా ఇర్ఫాన్ ఇర్ఫానే.

అపోహ: ఇండియా టీముకు ఆడాల్సినవాడు, తృటిలో తప్పిపోయాడు.

ఇది కొంచెం నిజం మీద కట్టిన పెద్ద మేడ. ఇర్ఫాన్ ఆల్‌రౌండర్‌గా బాగానే ఆడేవాడు. సి.కె. నాయుడు టోర్నమెంటుకు ఎంపికయ్యాడు కూడా. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌కు వెళ్లాలనుకునే కుర్రాళ్లకు అదొక మెట్టు. ఆ మెట్టుకూ ఇండియా టీముకూ మధ్య చాలా దూరం ఉంది. ప్రయాణానికి కావలసిన 600 రూపాయలు ఎవరిని అడగాలో తెలియక వెళ్లలేకపోయానని తర్వాత తానే చెప్పుకున్నాడు. నవాబు బిడ్డ కథ ఇక్కడే కూలిపోతుంది. ఆ టోర్నమెంటుకు పేరిచ్చిన కఠారి కనకయ్య నాయుడు మన తెలుగువాడే. నాగపూర్‌లో స్థిరపడిన కుటుంబం, భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్. (ఇర్ఫాన్ పఠాన్ బౌలింగ్ గణాంకాలు తెచ్చి ఈయన ఖాతాలో వేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నమస్కారం.)

అపోహ: పుట్టుకతోనే నటుడు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కళ్లకద్దుకుని సీటిచ్చింది.

సీటు కోసం అబద్ధమాడాడు. ఢిల్లీ ఎన్‌ఎస్‌డీలో చేరాలంటే అంతకుముందు కొన్ని నాటకాల్లో వేసిన అనుభవం చూపించాలి. జైపూర్ కుర్రాడికి అంత అనుభవం లేదు. వేయని నాటకాల పేర్లు కూడా చేర్చి జాబితా రాసిచ్చాడు. ఈ సంగతి అతను ఎన్నడూ దాచుకోలేదు. అతని మొదటి పాత్ర అదేనని సరదాగా అనుకోవచ్చు.

1984లో సీటు వచ్చింది. దాదాపు అదే సమయంలో తండ్రి పోయాడు. ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. దుకాణం చూసుకోవాల్సిన పెద్దకొడుకు ఢిల్లీలో నాటకాలు నేర్చుకుంటానంటే ఏ ఇంట్లోనైనా ఏమనుకుంటారో మనకు తెలుసు. స్కూలు ఇచ్చే స్కాలర్‌షిప్ మీద మూడేళ్లూ గడిపాడు. తన బ్యాచ్‌లోనే ఉన్న సుతాప సిక్దర్ అక్కడే పరిచయం. 1995లో వాళ్ల పెళ్లయింది. మొహం మిథున్ చక్రవర్తిలా ఉందని ఎవరో అంటే ‘మృగయా’లో మిథున్ లాగే జుట్టు దువ్వుకుని తిరిగిన కుర్రాడికి, నటన అంటే ఏమిటో నసీరుద్దీన్ షాను చూశాక, ఆ పైన ఎన్‌ఎస్‌డీలో పడ్డాక తెలిసింది. పుట్టుకతో వచ్చింది ఆ కళ్లు మాత్రమే.

అపోహ: చదువు అవుతూనే ‘సలాం బాంబే!’. ఆస్కార్ దాకా వెళ్లిన సినిమా. ఇక దశ తిరిగింది.

సినిమా నిజంగానే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. కేన్స్‌లో తొలి చిత్ర దర్శకులకిచ్చే కెమెరా దోర్ కూడా గెలిచింది. ఇర్ఫాన్ మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

ఎన్‌ఎస్‌డీకి వచ్చిన ఆ సినిమా దర్శకురాలు మీరా నాయర్ కంట్లో పడ్డాడు. మంచి వేషం ఉందన్నారు. బొంబాయి వెళ్లి, రఘువీర్ యాదవ్‌తో, సినిమాలో వేయబోయే వీధి పిల్లలతో కలిసి వర్క్‌షాప్‌లో పాల్గొన్నాడు. తీరా షూటింగ్ దగ్గర పడ్డాక ఆ పిల్లల పక్కన మరీ పొడుగ్గా కనబడుతున్నాడని మీరాకు అనిపించింది. పాత్ర చేజారింది. ఆ రాత్రంతా ఏడ్చానని ఇర్ఫాన్ చెప్పుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు.

మిగిలిన వేషం ఏమిటో ఒకసారి చూడండి. ఇంటికి ఉత్తరం రాయించుకోవాలని ఒక పిల్లాడు వస్తాడు. డబ్బు తీసుకుని ఉత్తరాలు రాసిపెట్టే మనిషి రోడ్డు పక్క కూచుని ఉంటాడు. పిల్లాడు చెబుతుంటే రాస్తాడు. అంతే, కొద్ది నిమిషాలు. పాత్రకు పేరు కూడా లేదు. కానీ ఆ మనిషి పిల్లాడిని చూసే చూపులో కాస్త విసుగు ఉంటుంది, కాస్త అలవాటు ఉంటుంది. జాలి చూపించే అవకాశం ఉన్నా చూపించడు. ఇలాంటి పిల్లలు రోజుకు పదిమంది వస్తారు అన్నట్టుంటాడు. ‘మక్బూల్’ చూశాక వెనక్కి వెళ్లి ఆ సీను చూస్తే, ఏమీ చేయకుండా కూచోవడం ఇతనికి అప్పటికే వచ్చునని తెలుస్తుంది. అప్పట్లో అది ఎవరి కంటా పడలేదు.

మీరా నాయర్ మాత్రం మరిచిపోలేదు. 2006లో ‘ద నేమ్‌సేక్’ తీసినప్పుడు అశోక్ గంగూలీ పాత్ర ఇర్ఫాన్‌కే ఇచ్చింది. పక్కన టబు. ఉత్తరం రాసే మనిషి నుంచి అక్కడికి చేరడానికి 18 ఏళ్లు పట్టింది.

అపోహ: ఆ మధ్యకాలమంతా టీవీలో చిన్నాచితకా వేషాలతో కాలక్షేపం చేశాడు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇది. సీరియల్ అనగానే ఇవాళ మన కళ్లముందుకొచ్చేది అత్తాకోడళ్లు, ఒకే మొహం మీదికి మూడుసార్లు దూసుకెళ్లే కెమెరా, అంతులేని ఎపిసోడ్లు. ఆ తరహా 2000 తర్వాత స్థిరపడింది. ఇర్ఫాన్ అడుగుపెట్టిన దూరదర్శన్ వేరు. వారానికి ఒక్క ఎపిసోడ్. కథలు చాలామటుకు సాహిత్యం నుంచో చరిత్ర నుంచో వచ్చేవి. తీసేవాళ్లలో సినిమా దర్శకులే ఎందరో ఉండేవారు. శ్యామ్ బెనెగల్ నెహ్రూ పుస్తకాన్ని 53 భాగాల ‘భారత్ ఏక్ ఖోజ్’గా తీశాడు. గోవింద్ నిహలానీ ‘తమస్’ తీశాడు. గుల్జార్ ‘కిర్దార్’ తీశాడు.

ఇందులో ఇర్ఫాన్ వాటా చిన్నదేమీ కాదు. ‘భారత్ ఏక్ ఖోజ్’లో ఉన్నాడు. ‘కిర్దార్’లో ఉన్నాడు. ‘లాల్ ఘాస్ పర్ నీలే ఘోడే’ అనే టెలీనాటకంలో ఏకంగా లెనిన్ వేశాడు. మిఖాయిల్ షాత్రోవ్ రష్యన్ నాటకానికి ఉదయ్ ప్రకాశ్ చేసిన హిందీ అనువాదం అది. స్కూలు నుంచి కొత్తగా బయటికొచ్చిన కుర్రాడికి లెనిన్ వేషం! 1991లో మొదలైన చంద్రప్రకాశ్ ద్వివేదీ ‘చాణక్య’లో సేనాపతి భద్రశాలుడు. ‘ద గ్రేట్ మరాఠా’లో రోహిల్లా నాయకుడు. ‘చంద్రకాంత’లో బద్రీనాథ్ ఒక్కడే కాదు, కవల సోదరుడు సోమ్‌నాథ్ కూడా అతనే. ‘జై హనుమాన్’లో వాల్మీకి. జీ టీవీలో ‘బనేగీ అప్నీ బాత్’ కాలేజీ కథ.

లెనిన్‌కూ వాల్మీకికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఆలోచించండి. ఒకచోట విప్లవ నాయకుడు, ఒకచోట మగధ సేనాపతి, మరోచోట క్షణానికో వేషం మార్చే గూఢచారి, ఇంకోచోట గడ్డం పెంచుకున్న రుషి. దీన్ని కాలక్షేపం అంటే, మన సురభి నాటక కంపెనీలో ఒకే వారంలో కృష్ణుడూ కీచకుడూ వేసిన నటులు కూడా కాలక్షేపం చేసినట్టే.

స్టార్ ప్లస్‌లో వచ్చిన ‘స్టార్ బెస్ట్‌సెల్లర్స్’ గురించి ఇంకో మాట. ఒక్కో వారం ఒక్కో కథ. తర్వాతి రోజుల్లో హిందీ సినిమా దారి మార్చిన కుర్ర దర్శకులు చాలామంది అక్కడ చెయ్యి తిప్పుకున్నారు. అందులో ఒక కథలో ఇర్ఫాన్ దుకాణదారు. ఇంటి యజమాని భార్య తన మీద మనసుపడిందని పొరబడతాడు. ఆశపడటం, భయపడటం, అద్దంలో మొహం చూసుకోవాలనిపించే ఆ వెర్రి హుషారు, మొత్తం ఆ ఒక్క ఎపిసోడ్‌లోనే. ఆ దుకాణదారును చూసినవాళ్లకు కొన్నేళ్ల తర్వాత ‘లైఫ్ ఇన్ ఎ మెట్రో’లో ఇర్ఫాన్ నవ్విస్తే ఆశ్చర్యం కలగలేదు.

అపోహ: టీవీ ముద్ర పడటం వల్లే సినిమావాళ్లు దూరం పెట్టారు.

ముద్రే అడ్డమైతే షారుఖ్ ఖాన్ ఎలా వచ్చాడు? ‘ఫౌజీ’, ‘సర్కస్’ చేసి 1992లో ‘దీవానా’తో తెరకెక్కాడు. మరుసటేడు ‘బాజీగర్’. టీవీ అతనికి నిచ్చెన అయింది. ఇర్ఫాన్ అదే దూరదర్శన్‌లో, అదే రోజుల్లో పనిచేస్తున్నాడు.

తేడా మరోచోట ఉంది. నసీరుద్దీన్ షా, ఓం పురి లాంటి మొహాలకు డెబ్భైల్లో, ఎనభైల్లో ఒక చోటు ఉండేది. సమాంతర సినిమా అనేవాళ్లు. ఇర్ఫాన్ 1987లో స్కూలు ముగించి వచ్చేసరికి ఆ తిరునాళ్లు దాదాపు అయిపోయింది. పందిళ్లు విప్పుతుంటే చేరినట్టు చివరి కొన్ని సినిమాలు మాత్రం అందాయి. బాసు చటర్జీ ‘కమలా కీ మౌత్’, నిహలానీ ‘దృష్టి’, తపన్ సిన్హా ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’. చివరిదాంట్లో పంకజ్ కపూర్ వేసిన డాక్టరు వెంట నిలబడే పత్రికా విలేకరి ఇర్ఫానే. అంటే సినిమాలు లేకపోలేదు. ఆ తరహా సినిమాలు ఆగిపోయాయి. తొంభైల ప్రేమకథల్లో, స్విట్జర్లాండ్ పాటల్లో అలాంటి మనిషికి ఇవ్వడానికి హీరో స్నేహితుడి వేషం కూడా లేదు.

అపోహ: ఏమైనా టీవీయే అతనికి బడి. అక్కడే రాటుదేలాడు.

పై మాటలు చదివి ఇటు మొగ్గేవాళ్లుంటారు కాబట్టి చెప్పాలి. ఇది కూడా పూర్తి నిజం కాదు. టీవీ అతనికి తిండి పెట్టింది, పని ఇచ్చింది. పోగాపోగా విసుగూ పుట్టించింది. చెప్పాల్సిన భావాన్ని మొహంలో ఒకసారి, మాటలో ఒకసారి, మళ్లీ మాటలోనే ఇంకోసారి చెప్పించే పద్ధతి అతని నటనకు సరిగ్గా వ్యతిరేకం. తొంభైల చివర్లో నటన మానేద్దామనుకున్నానని దాచకుండా చెప్పాడు. సర్దిచెప్పి ఆపినవాడు ఎన్‌ఎస్‌డీలో తన జూనియర్ తిగ్మాంశు ధూలియా. పేరు గుర్తుంచుకోండి, వెంటనే మళ్లీ వస్తుంది.

అపోహ: ‘మక్బూల్’తో హిందీ సినిమా ఇర్ఫాన్‌ను కనిపెట్టింది.

కనిపెట్టింది లండన్ కుర్రాడు. ఆసిఫ్ కపాడియా తన మొదటి పెద్ద సినిమా ‘ద వారియర్’ తీయడానికి ఇండియా వచ్చాడు. నటుల ఎంపికలో సాయం చేసింది తిగ్మాంశు. రాజస్థాన్ ఎడారిలో ఒక జమీందారు దగ్గర కత్తి పట్టి ఊళ్లు తగలబెట్టే యోధుడి పాత్ర, పేరు లఫ్కాడియా. మాటలు బహు తక్కువ.

ఒక సీను చెబుతాను. ఊరి మీద దాడి జరుగుతుంటుంది. ఒక చిన్నపిల్లను నరకడానికి కత్తి ఎత్తుతాడు. ఆమె మెడలో తన కొడుకు ఇచ్చిన తాయెత్తు కనబడుతుంది. చెయ్యి ఆగిపోతుంది. ఎర్రటి ఎడారిలో ఉన్న మనిషికి ఒక్క క్షణం మంచుకొండలు కనిపిస్తాయి. అంతే, ఆ తర్వాత కత్తి పట్టడు. ఒక మనిషి బతుకు మొత్తం మళ్లిపోయిన ఆ ఘడియలో ఒక్క డైలాగు లేదు. టీవీలో పదేళ్లకు పైగా మాటలు చెప్పీ చెప్పీ విసిగినవాడికి మాటల్లేని వేషం దొరికింది. 2001లో తయారైన ఆ సినిమా ఏడాదిన్నర తర్వాత బ్రిటన్‌లో బాఫ్టా ఉత్తమ బ్రిటిష్ చిత్రం బహుమతి అందుకుంది. హిందీలో మాట్లాడే బ్రిటిష్ సినిమా!

ఆ తర్వాతే ఇక్కడ కదలిక వచ్చింది. తిగ్మాంశు తన మొదటి సినిమా ‘హాసిల్’ 2003లో విడుదల చేశాడు. అలహాబాద్ విద్యార్థి రాజకీయాల్లో రణ్‌విజయ్ సింగ్ అనే రౌడీ నాయకుడిగా ఇర్ఫాన్‌కు ప్రతినాయకుడి ఫిల్మ్‌ఫేర్ బహుమతి వచ్చింది. విశాల్ భరద్వాజ్ ‘మక్బూల్’ జనవరి 2004లో వచ్చింది. ఎవరిని చూసి నటన మీద మోజు పెంచుకున్నాడో ఆ నసీరుద్దీన్ షా అందులో పక్కపాత్ర, ఇర్ఫాన్ నాయకుడు. ఎదురుగా హైదరాబాద్‌లో పుట్టిన టబు. 1991లో ఆమె వెంకటేశ్ పక్కన ‘కూలీ నెం.1’తో తెలుగులో కథానాయిక అవుతుంటే, ఇతను ‘చాణక్య’లో నందుల సేనను నడుపుతున్నాడు.

అపోహ: తెలుగుతో ఇర్ఫాన్‌కున్న బంధం ‘సైనికుడు’ ఒక్కటే.

గుణశేఖర్ తీసిన ‘సైనికుడు’లో మహేశ్‌బాబుకు ఎదురు నిలిచిన పప్పు యాదవ్ 2006 నాటివాడు. సినిమా ఆడలేదు, ఆ వేషం కూడా అతని స్థాయికి తగినది కాదు. అదొక్కటే మనకు మిగిలిన జ్ఞాపకం అయితే నిజంగా బాధపడాలి.

కానీ దానికి పదిహేనేళ్ల ముందు మరొకటి జరిగింది. ఉర్దూ కవి అలీ సర్దార్ జాఫ్రీ ‘కహకశాఁ’ అనే సీరియల్ నిర్మించాడు. ఆరుగురు ఉర్దూ కవుల జీవితాలు, జలాల్ ఆగా దర్శకత్వం, జగ్జీత్ సింగ్ సంగీతం. గజళ్ల క్యాసెట్లు బాగా అమ్ముడయ్యాయి. ఇవాళ్టికీ వింటూనే ఉన్నాం, సీరియల్ పేరు మాత్రం మరిచిపోయాం. ఆ ఆరుగురిలో ఒకరు అప్పటి మెదక్ జిల్లా అందోలులో పుట్టిన మనిషి. హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలి కమ్యూనిస్టు ఉద్యమంలోకి దిగి, నిజాం పాలన మీద తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడిన కవి మఖ్దూం మొహియుద్దీన్. హిమాయత్‌నగర్‌లో ఆయన పేరు మీద భవనం ఉంది, టాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది.

‘కహకశాఁ’లో ఆ మఖ్దూం వేషం కట్టినవాడు, అప్పటికి పాతికేళ్లు కూడా నిండీ నిండని ఇర్ఫాన్ ఖాన్.